భుజానికి రిపోర్టు లేదు

2004లో సచిన్ టెండూల్కర్ మోచెయ్యి నొప్పెడితే దేశమంతా ఆ మోచేతిని తడిమి చూసింది. కిళ్లీకొట్టు దగ్గర నిలబడ్డవాళ్లు కూడా టెన్నిస్ ఎల్బో గురించి స్పెషలిస్టుల్లా మాట్లాడారు. బ్యాటు బరువు తగ్గించాలని ఒకరు, ఆపరేషన్ తప్పదని ఇంకొకరు, ఆ చెయ్యి మళ్లీ మునుపట్లా ఆడదని మరొకరు. నొప్పికి కూడా పెట్టిపుట్టాలి. అదే మోచెయ్యి, అదే చోట అదే సలుపు, ఏ చిన్న పట్నంలోనో స్కానింగ్ చేసే మనిషికి వస్తే ఇంట్లోవాళ్లు అమృతాంజనం సీసా అందించి, టీవీ సౌండు కాస్త తగ్గిస్తారు. అంతకుమించి జరిగేదేమీ లేదు.

స్కానింగ్ గదిలో ఆ చేతిని ఎవరూ చూడరు. పడుకున్నావిడ తెర చూస్తుంది. పక్కన నిలబడ్డ అత్తగారు తెర చూస్తుంది, ఏమీ అర్థం కాకపోయినా. చేసే డాక్టరూ తెరే చూస్తుంది, చూడటమే ఆవిడ పని కాబట్టి. ఒంటి మీద ఆనించే ప్రోబ్ పట్టుకున్న చెయ్యి మాత్రం ఎవరి చూపులోనూ పడకుండా, తన పని తాను చేసుకుపోతూ, ఏళ్ల తరబడి అరిగిపోతుంది.

మా వదిన రేడియాలజిస్టు. కోస్తాలో ఓ పట్నంలో సొంతంగా సెంటరు పెట్టుకుంది. ఊళ్లో ఆవిణ్ని రేడియాలజిస్టు అనేవాళ్లు లేరు, స్కానింగ్ డాక్టరమ్మే. ఇంతకాలం వేలమంది కాలేయాల్నీ కిడ్నీల్నీ కడుపులో బిడ్డల్నీ చూసి రిపోర్టులు రాసింది. ఆవిడ కుడి భుజానికి మాత్రం ఎవరూ రిపోర్టు రాయలేదు. పండక్కి మా ఇంటికొచ్చినప్పుడు అటక మీది ఇత్తడి గిన్నె దించబోయి చెయ్యి సగంలో ఆపేసింది. "ఏమైంది వదినా?" అంటే, "ఏం లేదమ్మాయ్, ఈ చెయ్యి అంతవరకే వెళ్తుంది" అంది, బస్సు ఆఖరి స్టాపు చెప్పినంత మామూలుగా.

బయటినుంచి చూస్తే అది కష్టమైన పనిలా కనిపించదు. చల్లటి గది, కుర్చీలో కూర్చోవడం, చేతిలో పిడికెడు ప్రోబ్. మట్టి తట్టలు మోసే మనిషి ముందు నా భుజం నొప్పి అని చెప్పుకోవడానికి ఎవరికైనా మొహమాటమే. కానీ శరీరానికి హోదాలు తెలియవు, కోణాలే తెలుసు.

ఆ పని ఎలా జరుగుతుందో చూడండి. అల్ట్రాసౌండుకి గాలి సరిపడదు. చర్మానికీ ప్రోబ్‌కీ మధ్య పల్చటి గాలి పొర ఉన్నా బొమ్మ పోతుంది. అందుకే జెల్ రాస్తారు. జెల్ ఒక్కటే చాలదు, నొక్కాలి. పేగుల్లోని గ్యాసుని పక్కకి నెట్టాలి, కొవ్వు పొరని అదిమి లోపలి అవయవాన్ని ప్రోబ్‌కి దగ్గర చేసుకోవాలి. రోగి లావైన కొద్దీ నొక్కుడు పెరుగుతుంది. నొక్కి ఊరుకుంటే కుదరదు. నొక్కిన చోటే ప్రోబ్‌ని రవ్వంత వాల్చాలి, రవ్వంత తిప్పాలి. జెల్ వల్ల ప్రోబ్ జారుతుంటుంది కాబట్టి జారకుండా వేళ్లు ఇంకా బిగుస్తాయి. ఇదంతా కుడిచేతి వంతు. ఎడమ చెయ్యి మిషన్ మీటల మీద, మెడ తెర వైపు, నడుము ఈ రెంటి మధ్యా మెలితిరిగి ఉంటుంది.

ప్రోబ్ బరువు లెక్కలోకి రాదు. అసలు బరువు చేతిదే. అనుమానం ఉంటే పత్రిక పక్కన పెట్టి, కుడి చేతిని పక్కకి చాపి భుజం ఎత్తులో కదలకుండా ఉంచి చూడండి. రెండు నిమిషాలు తిరక్కుండానే భుజం మాట్లాడటం మొదలుపెడుతుంది. కదిలే కండరం బిగుస్తూ వదులవుతూ రక్తాన్ని ఆడిస్తుంది. కదలకుండా బిగిసిపోయిన కండరంలోకి, కాలితో తొక్కిపట్టిన నీళ్ల గొట్టంలోలాగా, రక్తం సరిగా పారదు. దానికి తోడు చెయ్యి పక్కకి ఎత్తినప్పుడు భుజం కప్పు ఎముక కింద ఇరుకు సందులోంచి పోయే కండరపు కొస నలుగుతుంది. ఒకరోజు నలిగితే రాత్రి నిద్రలో సర్దుకుంటుంది. సర్దుకోకముందే మళ్లీ తెల్లవారి, రోగులు మళ్లీ వరస కడితే అక్కడ మొదలవుతుంది కథ. ముందు సలుపు, తర్వాత మంట, ఆ తర్వాత జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి వెళ్లకపోవడం. కొందరికి బొటనవేలి మొదట్లో పోటు, కొందరికి మణికట్టులో నాడి నలిగి అర్ధరాత్రి వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ రావడం.

మా ఇంట్లో వదిన భుజం మీద నిపుణుల కమిటీ ఒకటి కూర్చుంది. మా అమ్మ వాతం అంది, వంకాయ మానమంది. మా అన్నయ్య వయసంది, అదీ వదినకి వినిపించకుండా. ఎదురింటి పిన్నిగారు దిష్టి అంది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించాడు, షుగర్ చూశాడు, నెలసరి ఆగిందా అని అడిగాడు, కొన్నాళ్లు రెస్టు తీసుకోండి మేడమ్ అన్నాడు. అవన్నీ అడగాల్సినవే. షుగరున్న వాళ్లకి భుజం బిగుసుకుపోవడం ఎక్కువ కూడా. కానీ ఏం పని చేస్తారు, ఎలా కూర్చుని చేస్తారు అని మాత్రం అడగలేదు. సాటి డాక్టరని తెలుసు కాబట్టి ఆ ప్రశ్న అవసరమనిపించి ఉండదు.

ఆ ప్రశ్న అడిగి తీరాలని మూడువందల ఏళ్ల కిందటే ఒకాయన చెప్పాడు. ఇటలీలో బెర్నార్డినో రామజ్జిని అనే వైద్యుడు పనివాళ్లకి వచ్చే జబ్బుల మీద 1700లో పుస్తకం అచ్చువేశాడు, 1713లో దాన్ని పెంచి మళ్లీ వేశాడు. హిప్పోక్రటీస్ కాలం నుంచి వైద్యులు రోగిని అడుగుతున్న ప్రశ్నలకి ఇంకొకటి చేర్చమన్నాడాయన: నువ్వేం పని చేస్తావు? రాతపని చేసేవాళ్ల చేతి నొప్పికి ఆయన మూడు కారణాలు చూపించాడు. కదలకుండా కూర్చోవడం, చెయ్యి ఎప్పుడూ ఒకే తీరున ఆడటం, తప్పు దొర్లుతుందేమోనని మనసు బిగబట్టుకుని ఉండటం.

ఈ మూడో కారణం దగ్గర నేను చాలాసేపు ఆగాను. టిఫా స్కాన్ అంటే అయిదో నెల ప్రాంతంలో బిడ్డ గుండె గదులు, వెన్నుపూస, మెదడు, పెదవి అన్నీ ఒక్కొక్కటే వెతికి చూడటం. బిడ్డ అటు తిరిగి పడుకుంటే ఇటు తిరిగేదాకా ఆగాలి. ఒక్కటి కంటపడకుండా పోతే ఆ ఇంటికి జీవితాంతపు సంగతి, డాక్టరుకి కోర్టు సంగతి. ఆ భయం కళ్లల్లో కనిపించదు, వేళ్లల్లోకి దిగుతుంది. "గుండె సరిగా కనపడకపోతే నాకు తెలీకుండానే ప్రోబ్ పిసికేస్తానే" అంది వదిన.

రామజ్జిని ఇంకో సంగతి కూడా రాశాడు. ఆయనకి తెలిసిన ఒక రాతగాడికి కుడి చెయ్యి పూర్తిగా పనికిరాకుండా పోయింది. పట్టుదల మనిషి, ఎడమ చేత్తో రాయడం నేర్చుకున్నాడు. కొన్నాళ్లకి ఎడమ చేతికీ అదే జబ్బు వచ్చింది. పని తీరు మార్చకుండా చెయ్యి మారిస్తే నొప్పి కూడా చెయ్యి మారుతుంది. 1908 నాటికి బ్రిటన్‌లో టెలిగ్రాఫు గుమస్తాల చేతి నొప్పిని పరిహారం చెల్లించాల్సిన వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చారు. టెలిగ్రాఫు పోయింది, చెయ్యి మిగిలింది. యంత్రం మారినప్పుడల్లా ఆ పాత జబ్బే కొత్త మనిషిని వెతుక్కుంటోంది.

పొట్టలోని గడ్డల్నీ గర్భంలోని బిడ్డనీ శబ్దంతో చూడొచ్చని గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ బృందం 1958లో లాన్సెట్ పత్రికలో చూపించింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకే అమెరికాలో స్కానింగ్ చేసేవాళ్ల భుజాలు వైద్య పత్రికల్లోకి ఎక్కాయి. అక్కడ ఈ పని టెక్నీషియన్లది, సోనోగ్రాఫర్లంటారు. బొమ్మలు వాళ్లు తీస్తారు, రిపోర్టు రేడియాలజిస్టు రాస్తాడు. 2009లో అచ్చయిన ఒక సర్వేలో, జవాబిచ్చిన సోనోగ్రాఫర్లలో పదిమందికి తొమ్మిదిమంది పనివల్ల నొప్పి ఉందన్నారు. మా అన్నయ్య ఇంజినీరు, ఊరికే ఒప్పుకోడు. "నొప్పి ఉన్నవాళ్లే కదా సర్వే నింపేది?" అన్నాడు. "సరే, సగం కొట్టెయ్యండి. పదిమందిలో అయిదుగురు బ్యాంకు క్యాషియర్లకి చేతులు పడిపోతే ఊరుకుంటారా?" అంది వదిన. అన్నయ్య పేపరు తీసుకుని వరండాలోకి వెళ్లిపోయాడు.

అక్కడివాళ్లు లెక్కలు చెప్పుకుని ఊరుకోలేదు. 2003లో ఆ వృత్తి సంఘం చొరవతో తయారీదార్లూ యాజమాన్యాలూ సోనోగ్రాఫర్లూ కలిసి కూర్చుని పని ప్రమాణాలు రాసుకున్నారు. 2006లో అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ఈ నొప్పుల నివారణ మీద ఒక పత్రం తెచ్చింది. ఆ కాగితాల్లో నాకు నచ్చింది వ్యాయామాల బొమ్మలు కాదు, బాధ్యతల పంపకం. యంత్రం చేసేవాడు తెరా మీటలూ ఎత్తు మార్చుకునేలా చెయ్యాలి. ఆసుపత్రి నడిపేవాడు సరైన బల్లా కుర్చీ కొనాలి, విశ్రాంతికి చోటుండేలా వరస వెయ్యాలి. ఆ తర్వాతే స్కానింగ్ చేసే మనిషి తన కూర్చునే తీరు సరిచూసుకోవాలి. మన దగ్గర మొదటి రెండూ ఎగిరిపోయి మూడోదొక్కటే మిగులుతుంది. "యోగా చెయ్యండి మేడమ్." యోగా మంచిదే. కానీ ఎంత యోగా చేసినా బల్ల జానెడు దగ్గరికి రాదు.

మన దేశంలో ఈ నొప్పి పంపకం ఇంకోలా ఉంటుంది. లింగ నిర్ధారణని అరికట్టడానికి 1994లో చేసిన చట్టం వల్ల గర్భిణి పొట్ట మీద ప్రోబ్ పెట్టే అర్హత చట్టం చెప్పిన వైద్యులకే ఉంది. మిషన్‌కి రిజిస్ట్రేషన్, గోడ మీద బోర్డు, ప్రతి గర్భిణికీ ఫారం-ఎఫ్. ఆడపిల్లల్ని కాపాడటానికి ఆ కట్టుదిట్టం కావాల్సిందే, దానిమీద నాకు రెండోమాట లేదు. కాకపోతే అమెరికాలో టెక్నీషియన్ భుజానికొచ్చే నొప్పి ఇక్కడ డాక్టరు భుజానికొస్తుంది, పంచుకునే చెయ్యి ఉండదు. టెక్నీషియన్లు చేసే స్కానింగ్ మన దగ్గర గుండెది, 2డీ ఎకో. ఆ గదిలో కష్టం మరో తీరు. గుండె ఎడమవైపున ఉంటుంది, రోగి ఎడమకి తిరిగి పడుకుంటాడు, టెక్నీషియన్ చాలాచోట్ల అతనికి కుడివైపున, అంటే వీపు వెనక కూర్చుంటుంది. అతని ఒంటి మీదుగా కుడి చెయ్యి చాచి అవతలి పక్కటెముకల మధ్య ప్రోబ్ పెట్టి పట్టుకోవాలి. మిషన్ అటు మార్చి ఎడమవైపు కూర్చుని ఎడమ చేత్తో చెయ్యడం నేర్పితే ఆ చాపుడు తప్పుతుంది. నేర్పే తీరిక ఎవరికుంది? వరసలో జనం ఉన్నారు.

వరస అనేది ఈ కథలో పెద్ద పాత్ర. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకి ఉచిత పరీక్షలు చేస్తారు. ప్రైవేటు డాక్టర్లు కూడా స్వచ్ఛందంగా వెళ్లొచ్చు. వదిన ఏరియా ఆసుపత్రికి వెళ్తుంది. మంచి పథకం. ఎక్కడెక్కడి పల్లెల నుంచో ఆటోల్లో వచ్చిన ఆడవాళ్లని రేపు రమ్మనే మనసు ఏ డాక్టరుకి ఉంటుంది? 2022లో తెలంగాణ ప్రభుత్వం 44 ఆసుపత్రుల్లో 56 టిఫా మిషన్లు పెట్టింది. అది ఇంకా మంచిపని. మిషన్ పెడితే వార్తవుతుంది, రిబ్బన్ కత్తిరిస్తారు. దాని ముందు వేసే స్టూలుకి రిబ్బన్ కట్టరు కాబట్టి అది ఏ స్టోర్‌రూములోంచో వస్తుంది.

ప్రభుత్వాన్ని అంటే చాలదు. మా వదిన సెంటరులో యజమాని ఆవిడే, పనిమనిషీ ఆవిడే. లక్షలు పోసి కొన్న మిషన్ ముందు ఆవిడ ఇన్నాళ్లూ కూర్చున్నది షామియానా కంపెనీవాళ్లు పెళ్లిళ్లకి వేసే రకం ప్లాస్టిక్ కుర్చీలో. "కుర్చీకి ఈఎంఐ ఉండదుగా, అందుకే దానిమీద ధ్యాస పోలేదు" అని నవ్వింది. స్కానుకింత అని డబ్బు వచ్చే చోట ఆగిన ప్రతి నిమిషమూ నష్టంలాగే కనిపిస్తుంది. చెయ్యి పాడైతే వచ్చే నష్టం ఏ పుస్తకంలోనూ ముందుగా పడదు.

ఆఖరికి ఆవిడే రామజ్జిని ప్రశ్న తనని తాను అడుక్కుని, ఒక ఆదివారం వడ్రంగిని పిలిచింది. బల్ల కాళ్లు కోయించింది. బల్ల కిందికి దిగేసరికి డాక్టరు చెయ్యి కూడా దిగింది. పై చెయ్యి ఒంటికి దగ్గరగా, 30 డిగ్రీలు దాటి పక్కకి లేవకుండా ఉండాలన్నది అమెరికావాళ్లు రాసుకున్న ప్రమాణాల్లో ముఖ్యమైన మాట. అనుకోని లాభం ఏమిటంటే, మోకాళ్ల నొప్పుల ముసలమ్మలు పీట వేసుకోకుండా బల్ల ఎక్కగలుగుతున్నారు. ఎత్తు మార్చుకునే కుర్చీ కొంది. మోచేతి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుంటోంది, చేతి బరువు భుజం మీద కాక బల్ల మీద పడేలా. ప్రోబ్ కేబుల్ మెడ చుట్టూ వేసుకునే అలవాటు మాని ముంజేతికి పట్టీతో కట్టుకుంది. కేబుల్ లాగుతుంటే దానికి ఎదురు లాగడానికే మణికట్టు సగం శక్తి పోయేదట. తెరని కళ్ల ఎత్తుకి, ఎదురుగా తిప్పుకుంది. పొట్ట స్కానులు వరసగా పడకుండా మధ్యలో థైరాయిడ్ స్కాను ఒకటి వేయమని కౌంటర్లో అమ్మాయికి చెప్పింది.

వీటన్నిటిలో చిన్నది, నాకు బాగా నచ్చింది, ఇంకొకటుంది. బొమ్మ ఆపడానికి ఫ్రీజ్ నొక్కాక కొలతలు తీస్తారు. ఆ కొలతలు తీసినంతసేపూ కుడి చెయ్యి ప్రోబ్‌ని అలాగే పొట్ట మీద నొక్కి పట్టుకుని ఉండేది. ఆగిపోయిన బొమ్మకి చెయ్యెందుకు? ఇప్పుడు ఫ్రీజ్ నొక్కగానే ప్రోబ్ స్టాండులో పెట్టి, చెయ్యి ఒళ్లో వేసుకుంటోంది. పైసా ఖర్చు లేదు, స్కానుకి నిమిషమైనా ఎక్కువ పట్టదు. రోజు మొత్తం మీద భుజానికి దొరికే విశ్రాంతి మాత్రం చిన్నది కాదు.

నొప్పి పూర్తిగా పోయిందా అంటే పోలేదు. ఏళ్ల తరబడి అరిగింది వడ్రంగి కోతకి మాయం కాదు. ఫిజియోథెరపీ నడుస్తోంది. కుడివైపు తిరిగి పడుకోగలుగుతోంది, జడ తనే వేసుకుంటోంది. ముందే చేసి ఉంటే ఇంతదూరం వచ్చేది కాదని ఆవిడకీ తెలుసు. అందుకే ఇప్పుడు రేడియాలజీ చదువుతున్న పిల్లలెవరైనా సెంటరుకి వస్తే ముందు కుర్చీ చూపిస్తుంది, తర్వాత మిషన్ చూపిస్తుంది.

మనకి ఓర్పు అంటే మహా గౌరవం. ఆడవాళ్ల ఓర్పంటే మరీను. నొప్పి చెప్పకుండా పనిచేసే మనిషిని మెచ్చుకుంటాం, చెప్పిన మనిషిని సుకుమారం అంటాం. సొంత సెంటరు ఉన్న మా వదిన బల్ల కాళ్లు కోయించుకోగలిగింది. పెద్ద ఆసుపత్రిలో నెలజీతం మీద ఎకో చేసే అమ్మాయి ఎవరి బల్ల కోయిస్తుంది? చెయ్యి నొప్పి అంటే చేతకాదేమో అనుకుంటారని నోరు మూసుకుంటుంది. ఆ అమ్మాయి ఓర్పు మీద నడిచే గది సరిగా నడుస్తున్నట్టు కాదు. మిషన్ కొనే ప్రతి టెండరులోనూ ఎత్తు మారే బల్ల, ఎత్తు మారే కుర్చీ కూడా ఉండాలి. రోజుకి ఎన్ని స్కానులో నిర్ణయించేటప్పుడు చేసే చేతిని కూడా లెక్కలో వెయ్యాలి. ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు. చూపు ఎంత బాగున్నా నొప్పెడుతున్న చెయ్యి తొందరపడుతుంది, తొందరలో చూడాల్సింది తప్పిపోవచ్చు.

ఆసుపత్రులూ ప్రభుత్వాలూ చేసేలోగా మనం చెయ్యగలిగింది ఒకటుంది. మనవాళ్లు స్కానింగ్ బల్ల ఎక్కగానే గోడ వైపుకి జరిగి పడుకుంటారు. డాక్టరుగారికి తగలకూడదని మర్యాద, కొత్త మనిషి పక్కన బిడియం. మన మర్యాద కొలది ఆవిడ చెయ్యి అంత దూరం చాపాలి. "ఇటు జరగమ్మా" అని రోజంతా అంటూనే ఉంటారు, మనం వేలెడు జరిగి ఆగిపోతాం. ఈసారి వెళ్లినప్పుడు చెప్పించుకోకండి. ప్రోబ్ పట్టుకున్న మనిషి వైపు, బల్ల అంచుదాకా జరిగి పడుకోండి. మోచెయ్యి మీకు ఆనితే ఆననివ్వండి. ఆ భుజానికి మేలు, మీ బొమ్మా బాగా వస్తుంది.